టోరెంట్ క్లయింట్ కోడ్‌ను శుభ్రం చేస్తూ

కొంతకాలంగా ఖాళీ సమయాల్లో ఒక ఓపెన్ సోర్స్ బిట్‌టోరెంట్ క్లయింట్ (వాడేవాళ్లు ఫైళ్లను నేరుగా ఒకరితో ఒకరు పంచుకునే ప్రోగ్రామ్) కోడ్‌ను శుభ్రం చేస్తున్నాను. 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన ఈ ప్రోటోకాల్‌లో ఫైలు ముక్కలుగా వస్తుంది; వచ్చిన ప్రతి ముక్కనూ 20 బైట్ల ఎస్‌హెచ్‌ఏ-1 హాష్‌తో (ముక్కలోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు విలువతో) సరిచూసుకున్నాకే ఇతరులకు పంచాలి. మా కోడ్‌లో ఆ పని నెట్‌వర్క్ సందేశాలు చదివే థ్రెడ్‌లోనే (ప్రోగ్రామ్‌లో పనులు ఒకదాని తర్వాత ఒకటిగా సాగే దారిలోనే) జరిగేది కాబట్టి, పెద్ద ముక్క పూర్తయిన ప్రతిసారీ మిగతా పీర్లన్నీ (ఆ ఫైలును పంచుకుంటున్న ఇతర కంప్యూటర్లు) ఎదురుచూడాల్సి వచ్చేది. దాన్ని వేరే థ్రెడ్‌కు మార్చి, ముక్కలోని 16 కిలోబైట్ల బ్లాకులు వరుసగా అందుతున్నంతసేపు హాష్‌ను అప్పటికప్పుడే లెక్కగట్టేలా రాశాక, డిస్క్ నుంచి ముక్కను మళ్లీ చదవాల్సిన అవసరం చాలావరకు తప్పింది.

అన్నిటికంటే తక్కువమంది దగ్గరున్న ముక్కను ముందుగా ఎంచుకునే భాగం మరీ సతాయించింది. ప్రతి అభ్యర్థనకూ మొత్తం జాబితాను తిరిగి క్రమంలో పెట్టే ఆ ఫంక్షన్‌ను తీసేసి, లభ్యతను బట్టి ముక్కలను గుంపులుగా ఉంచి, పీర్ నుంచి ‘హ్యావ్’ (ఈ ముక్క నా దగ్గరుంది అనే) సందేశం వచ్చినప్పుడు ఆ ఒక్క ముక్కనే పక్క గుంపులోకి జరుపుతున్నాం. అయినా వేగం పెరగడం కన్నా, ఎవరూ పిలవని పాత ఫంక్షన్లను తొలగించడమే నాకు ఎక్కువ తృప్తినిచ్చింది, ఎందుకంటే కొత్తగా చేరేవారు ఇక ఆ కోడ్ ఫైలును బెదరకుండా చదవగలరు. డీహెచ్‌టీ (కేంద్ర సర్వర్ లేకుండా పీర్లను వెతికే పద్ధతి) భాగాన్ని మాత్రం ఇంకా ముట్టుకోలేదు.