బాబాయ్ షాపులో ప్రింటర్ల లెక్క

గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయ్‌కి జెరాక్స్ షాపుంది. ఒక కంప్యూటరు, మూడు ప్రింటర్లు. లేజరు, బిల్లుల థర్మల్ యూఎస్‌బీ వైర్లతో, కలర్ ప్రింటరు వైఫైతో నడుస్తాయి. హాల్‌టికెట్లు వచ్చిన రోజు ఎవరో ఊడుస్తూ లేజరు వైరు పీకేసి, తిరిగి పెట్టేటప్పుడు వేరే రంధ్రంలో గుచ్చారు. ప్రింటు కొడితే రాలేదు. రాలేదని బాబాయ్ కొడుతూనే ఉన్నాడు. సాయంత్రం నేను వెళ్లి వైరు పాత చోట పెట్టగానే ఒకే అమ్మాయి హాల్‌టికెట్ పదకొండు కాపీలు దడదడా వచ్చిపడ్డాయి. "ఇంత చదివావు, ఏ ప్రింటరు పనిచేస్తుందో చెప్పే సంగతేదైనా చేయరా" అన్నాడు. అప్పట్నుంచి ఆదివారాలు దీనికే పోతున్నాయి.

మొదటి ఆదివారం: విండోస్‌లో కమాండ్లు టైపు చేసే పవర్‌షెల్‌లో, ప్రింటర్ల జాబితా ఇచ్చే గెట్-ప్రింటర్ కమాండు కొట్టాను. ఉన్నవి మూడైతే ఏడు పేర్లొచ్చాయి. పీడీఎఫ్, ఎక్స్‌పీఎస్, ఫ్యాక్స్ అసలు యంత్రాలే కావు. ఏడోది లేజరు పేరే, పక్కన 'కాపీ 1'. సీరియల్ నంబరు చెప్పని ప్రింటరును వేరే రంధ్రంలో పెడితే విండోస్ దాన్ని కొత్తదనుకుంటుంది, హాల్‌టికెట్ల రోజు జరిగింది అదే. ఇంతా చేసి లేజరు స్విచ్ ఆపి చూసినా స్టేటస్ 'నార్మల్' అనే ఉంది. ఊరొదిలి వెళ్లినవాళ్ల పేర్లు రేషన్ కార్డులో ఉన్నట్టే, పేరుంటే మనిషి ఇంట్లో ఉన్నట్టు కాదు.

రెండో ఆదివారం: విండోస్ ప్రింటర్ల వివరాలు చెప్పే ఇంకో చోటు, విన్32_ప్రింటర్ క్లాసు చూశాను. అందులో స్టేటస్ అంకెల్లో ఉంటుంది: 3 అంటే ఖాళీగా ఉంది, 4 ప్రింటవుతోంది, 7 ఆఫ్‌లైన్. లేజరు కాసేపటికి ఆఫ్‌లైన్ అని ఒప్పుకుంది. థర్మల్ మాత్రం వైరు నా చేతిలో ఉన్నా 3 అనే అంటోంది! స్టేటస్‌ను నమ్మి లాభం లేదని వదిలేశాను.

మూడో ఆదివారం దారి దొరికింది. గెట్-పీఎన్‌పీడివైస్ కమాండుకు ప్రెజెంట్‌ఓన్లీ తగిలిస్తే ఆ క్షణాన నిజంగా తగిలి ఉన్న పరికరాలే వస్తాయి. వాటిలో ఐడీ (పరికరం గుర్తింపు పేరు) 'యూఎస్‌బీప్రింట్' అని మొదలయ్యేవి ఏరాను. ఆ ఐడీ చివర చూడండి, 'యూఎస్‌బీ001' లాంటి ముక్క ఉంటుంది. గెట్-ప్రింటర్ ఇచ్చే పోర్ట్‌నేమ్, అంటే ప్రింటరు తగిలిన పోర్టు పేరు, కూడా అదే. రెండు జాబితాల్లోనూ ఉన్న పోర్టు అయితే ప్రింటరు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. స్విచ్ ఆపినా, వైరు లాగినా ఐడీ మాయం. పదిసార్లు లాగి పెట్టాను, ఒక్కసారీ తప్పలేదు.

వైఫై ప్రింటరుకు ఈ చిట్కా పనికిరాదు. దాని నెట్‌వర్క్ అడ్రసులో ప్రింట్లు అందుకునే 9100 పోర్టు తెరుచుకుంటుందో లేదో చూడాలి. అది చూసే టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండు వాడితే ప్రింటరు ఆపి ఉన్నప్పుడు ఇరవై సెకన్ల పైనే తినేసింది, కౌంటరు ముందు జనం ఉంటే అంత ఓపిక ఎవరికి? దాని బదులు నేరుగా కనెక్షన్ ప్రయత్నించే టీసీపీక్లయింట్‌తో ఒక్క సెకను మాత్రమే ఆగేలా మార్చాను. రౌటర్ అడ్రసు మార్చేస్తుంటే ఇదంతా వృథా కాబట్టి, ముందు రౌటర్ సెట్టింగుల్లో ఆ ప్రింటరుకు ఒకే అడ్రసు కట్టేశాను.

అసలు తిప్పలు పెట్టింది తెలుగు. బాబాయ్ కోసం 'లేజరు రెడీ' అని రాస్తే పవర్‌షెల్ నల్ల తెరమీద అన్నీ డబ్బాలే. ఆ తెరకు మన గుణింతాలు సరిగా చూపడం రాదు. మెసేజ్ బాక్సులోకి మార్చితే ఈసారి పిచ్చి గీతలు. ఈ కమాండ్లన్నీ రాసిన స్క్రిప్టు ఫైలును బామ్ (ఏ అక్షర పద్ధతో ఫైలు మొదట్లోనే చెప్పే గుర్తు) ఉన్న యూటీఎఫ్-8గా సేవ్ చేయాలట, అది లేకపోతే పవర్‌షెల్ 5.1 వేరే ఎన్‌కోడింగ్ అనుకుని చదువుతుంది. చేశాక శుభ్రంగా వచ్చింది. డెస్క్‌టాప్ మీద స్క్రిప్టును నడిపే ఒక బ్యాట్ ఫైలు పెట్టాను, రెండుసార్లు నొక్కితే చాలు.

ఈలోగా పిన్ని లేజరు వైరుకూ దాని రంధ్రానికీ ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టేసింది. 'కాపీ 1'ని నేను తీసేశాను, మళ్లీ పుట్టలేదు. అందులో నా స్క్రిప్టు గొప్పేమీ లేదు.

వచ్చే ఆదివారం క్యూలో నిలిచిపోయిన ప్రింట్లను గెట్-ప్రింట్‌జాబ్‌తో లెక్కపెట్టించాలి. రెండుకు మించితే బాబాయ్ చెయ్యి ఆపేలా పెద్ద అక్షరాల్లో చూపిస్తాను.