ఆన్‌లైన్ పీజీలో చేరే ముందు: ఉద్యోగాల్లో ఉన్న నా పూర్వ విద్యార్థులకు

డిగ్రీ ముగించి చిన్నదో పెద్దదో ఒక ఉద్యోగంలో కుదురుకున్న మా పూర్వ విద్యార్థులు ఈ మధ్య నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆన్‌లైన్ పీజీ గురించే ఉంటున్నాయి. గుంటూరు బ్రాడీపేటలో ఆడిటర్ దగ్గర పనిచేసే అమ్మాయి ఎంబీఏ చేయాలనుకుంటుంది. విజయవాడ వార్డు సచివాలయంలో ఉన్న అబ్బాయి ఎంసీఏ మంచిదా అని అడుగుతాడు. అందరికీ విడివిడిగా చెబుతున్న మాటలను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అది నిజమైన పట్టాయేనా అన్నది మొదటి సందేహం. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2020 సెప్టెంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం, గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో గానీ దూరవిద్యలో గానీ ఇచ్చే పీజీ పట్టా, కళాశాలకు వెళ్లి చదివిన పట్టాతో సమానమే. అయితే ఆ గుర్తింపు విశ్వవిద్యాలయం మొత్తానికి ఎల్లకాలానికీ వర్తించేది కాదు. ఏ కోర్సుకు, ఏ పద్ధతిలో, ఏ విద్యా సంవత్సరానికి అనుమతి ఉందో యూజీసీ దూరవిద్యా విభాగం (డెబ్) వెబ్‌సైట్‌లో చూసుకున్న తర్వాతే ఫీజు కట్టాలి. 2024 నుంచి ప్రతి విద్యార్థీ అదే చోట డెబ్ ఐడీ అనే గుర్తింపు సంఖ్య తీసుకోవలసి వస్తోంది. దాన్ని మీ ఫోన్ నంబరుతో మీరే తయారు చేసుకోండి, మధ్యవర్తి చేతికి ఇవ్వకండి. బయటి సెంటర్లకు అప్పగించి ఫ్రాంచైజీ పద్ధతిలో కోర్సులు నడపడానికి నిబంధనలు ఒప్పుకోవు కనుక, పరీక్షలు కూడా తామే చూసుకుంటామని ఏ సెంటరువారైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయడమే ఉత్తమం. ఆన్‌లైన్ చదువులు అమ్మే ఎడ్‌టెక్ కంపెనీల ద్వారా విదేశీ విశ్వవిద్యాలయాల పట్టాలంటూ వచ్చే ప్రకటనల గురించి కూడా యూజీసీ 2023 డిసెంబరులో హెచ్చరించింది.

ఐటీ వైపు వెళ్లదలచినవారు తెలుసుకోవలసింది ఒకటుంది. యూజీసీ నిబంధనల ప్రకారం ఇంజనీరింగును ఆన్‌లైన్‌లో గానీ దూరవిద్యలో గానీ నేర్పడానికి వీల్లేదు. విశ్వవిద్యాలయ హోదా పొందిన కొన్ని సంస్థలు (డీమ్డ్ విశ్వవిద్యాలయాలు) దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ పట్టాల విషయంలో సుప్రీంకోర్టు 2017 నవంబరులో ఇచ్చిన తీర్పు వల్ల ఎందరి చదువులు ప్రశ్నార్థకమయ్యాయో గుర్తుంచుకోవాలి. కాబట్టి ఆన్‌లైన్ ఎంటెక్ అని ఎవరైనా చెబితే వెంటనే నమ్మవద్దు. ఎంసీఏ సరైన దారి; అది 2020-21 నుంచి రెండేళ్ల కోర్సే. కాకపోతే ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం చదివి ఉండాలన్న షరతు తాము చేరే చోట ఉందేమో బీకాం విద్యార్థులు ముందే సరిచూసుకోవాలి.

ఎంబీఏ విషయంలో నా అభిప్రాయం కొంచెం కటువుగానే ఉంటుంది. పని అనుభవం లేకుండా డిగ్రీ అయిన వెంటనే ఆన్‌లైన్ ఎంబీఏలో చేరినవారికి దానివల్ల పెద్దగా ఒరిగేది కనిపించడం లేదు. అదే మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి లెక్కలు రాసే వ్యక్తికో, ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణం నడిపే కుటుంబంలోని పిల్లవాడికో, రోజువారీ వ్యాపారానికి కావలసిన పెట్టుబడి (వర్కింగ్ క్యాపిటల్) గురించీ సరుకు నిల్వల గురించీ విన్న పాఠం మర్నాడే పనిలో కనిపిస్తుంది. మార్కుల్లో కనీసం 70 శాతం సెమిస్టరు చివరి పరీక్షదే కనుక వీడియోలు చూసి ఊరుకుంటే చాలదు. చేత్తో రాసి, లెక్కలు చేసి చదవాలి.

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది మాత్రం ఎవరూ ప్రకటనలు ఇవ్వని ప్రభుత్వ పాలనాశాస్త్రం (పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్) గురించి. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర హోర్డింగుల మీద దాని పేరు కనిపించదు. గ్రూప్స్ పరీక్షలకు పనికొచ్చే సబ్జెక్టుగా తప్ప మన పిల్లలు దాన్ని లెక్కలోకి తీసుకోరు. మన రాష్ట్రంలో 2019లో మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల్లో వేలాది యువతీయువకులు రోజూ చేస్తున్న పని అదే. అర్జీ ఏ బల్ల మీద ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో వాళ్లకు అనుభవంతో తెలుసు. అధికార యంత్రాంగం గురించి జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ చెప్పినదీ, పాలనను ప్రత్యేక శాస్త్రంగా చదవాలని తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన వుడ్రో విల్సన్ 1887లో రాసినదీ, 73, 74వ రాజ్యాంగ సవరణలు పంచాయతీలకూ పురపాలక సంఘాలకూ ఏం ఇచ్చాయన్నదీ చదివినప్పుడు, ఆ అనుభవం వెనకున్న కారణాలు వాళ్లకు అర్థమవుతాయి. పుస్తకం ఒక్కటే చదివిన నాలాంటివారికంటే వాళ్లే ఈ శాస్త్రాన్ని లోతుగా పట్టుకోగలరని నా గట్టి నమ్మకం. మన దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయాల (ఓపెన్ యూనివర్సిటీల) ఆలోచనకు రూపమిచ్చిన ఆచార్య జి. రాంరెడ్డి కూడా ఈ శాస్త్రం బోధించినవారే. 1982లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ, 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ (ఇగ్నో) ఆయనే తొలి ఉపకులపతి. ఉద్యోగం మానకుండా చదువుకునే అవకాశం మనకు అలా వచ్చింది.

ఇగ్నోలో దూరవిద్యగా ప్రభుత్వ పాలనాశాస్త్రంలో పీజీ ఉంది. ఏ సబ్జెక్టులో డిగ్రీ చేసినవారైనా చేరవచ్చు, విజయవాడలోనే ప్రాంతీయ కేంద్రం ఉంది. పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయన్నది తెలుగు మాధ్యమంలో చదివినవారికి మొదట్లో భారమే. అందువల్ల చేరేముందే ఇగ్నో వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే పాఠాల్లో ఒకటి రెండు చదివి చూడండి. సచివాలయ ఉద్యోగులు పరీక్షల రోజుల్లో సెలవుకు ఇబ్బంది పడకుండా పైఅధికారి నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ప్రవేశాలు జనవరిలోనూ జూలైలోనూ ఉంటాయి కాబట్టి, పైఅధికారి అనుమతికి దరఖాస్తు రెండు నెలల ముందే పెట్టుకోవడం మంచిది.