వేరుతో సహా

నల్లగొండ చుట్టుపక్కల ఎర్ర చెలక నేలల్లో పెరటి తోట పెంచేవారికి వానకాలమంతా తీరని పని కలుపు తీయడం. చాలామంది ఆ పనిని ఎలా తప్పించుకోవాలా అని చూస్తారు. నేను మాత్రం దానికోసం ఎదురుచూస్తాను. విత్తనం నాటితే మొలక కోసం ఆగాలి, మొక్క పెరిగితే కాయ కోసం ఆగాలి. చేసిన పని చేసిన క్షణంలోనే కంటికీ చేతికీ తెలిసిపోయే తృప్తి తోటపనులన్నిటిలోనూ కలుపు తీతలోనే ఉందని నా నమ్మకం.

అయితే ఆ తృప్తి నేల పదునును బట్టి దొరుకుతుంది. చెలక నేల ఎండితే పైన గట్టి పెచ్చు కడుతుంది. అప్పుడు మొక్కను లాగితే కాడ తెగి చేతికి వస్తుంది, వేరు లోపలే మిగిలిపోతుంది. వాన వెలిసీ వెలియగానే మడిలో దిగితే మట్టి చేతులకు అంటుకుంటుంది, కాలు పడిన చోటల్లా నేల అణిగి గట్టిపడుతుంది. ఒకటి రెండు రోజులు ఆగితే, పిడికిట్లో పట్టిన మట్టి ముద్ద కట్టి, వేలితో నొక్కగానే పొడిపొడిగా రాలిపోయే పదును వస్తుంది. ఆ అదనులో మొక్కను నేలకు ఆనుకొని పట్టుకొని నిదానంగా లాగుతుంటే, లోపల సన్నని వేర్లు ఒక్కొక్కటిగా పట్టు వదులుతున్న సంగతి చేతికి తెలుస్తుంది. చివరికి తల్లివేరు కొనతో సహా మొక్క మొత్తం బయటికి వచ్చినప్పుడు కలిగే ఆనందాన్ని నేను ఇంకే పనిలోనూ ఎరగను. వయసంతా చేలల్లో కలుపు తీసిన మా వీధి పెద్దమ్మ ఒకామె నా పని చూసి చెప్పిన మాట ఇప్పటికీ నాకు పాఠమే: "కొసలు వట్టుకుంటె ఏమొస్తది బిడ్డా, మొదలు వట్టుకోవాలె."

అన్ని కలుపు మొక్కలూ ఈ పాఠానికి లొంగవు. తుంగ సంగతి వేరు. పైకి సన్నని గడ్డిలా కనిపించినా దాని కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు పలకలు తగులుతాయి. కింద దాని దుంపలు సన్నని తీగవేర్లతో గొలుసుగా అల్లుకొని ఉంటాయి. మొదలు పట్టి లాగితే కాడ దుంప దగ్గర తెగుతుంది, లోపలి దుంప కొద్ది రోజుల్లోనే మళ్లీ మొలకెత్తుతుంది. అందువల్ల తుంగను లాగకూడదు, తవ్వాలి. కుర్పీ మొనను కాడకు కాస్త దూరంగా దించి, మట్టిని కింది నుంచి లేపి, ఒక దుంప నుంచి మరో దుంపకు వెళ్లే తీగవేరును వేళ్లతో వెతుక్కుంటూ పోవాలి. ఎంత జాగ్రత్తగా తీసినా కొన్ని దుంపలు మిగులుతాయి, వాటికి మళ్లీ ఆకు వస్తుంది. ఆ ఆకు పెరగడానికి దుంప తనలో దాచుకున్న శక్తినే ఖర్చు చేస్తుంది కాబట్టి, కొత్త దుంపలు కట్టకముందే పదే పదే తీస్తూ పోతే పాతవి నీరసిస్తాయి. నీడను కూడా తుంగ ఓర్చుకోలేదు. అలసంద తీగ గుబురుగా కమ్మిన మడిలో అది పలచబడడం నేను కళ్లారా చూశాను. దీని దుంపలనే తుంగముస్తలని వైద్యంలో వాడతారని తెలిసినవారికి దీనిపై కొంత గౌరవం కూడా ఉంటుంది.

గరిక కణుపు కణుపుకూ వేరు పోస్తుంది కనుక ముక్కలు మిగలకుండా ఏరాలి. వినాయకుడి పూజకు కావలసినంత కంచె అవతల ఎలాగూ ఉంటుంది. వయ్యారిభామను మాత్రం పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకొని పీకాలి, ఎందుకంటే అది చర్మానికి దురద పుట్టిస్తుంది, కొందరికి ఊపిరి ఇబ్బందీ తెస్తుంది. 1950లలో పుణె ప్రాంతంలో గుర్తించిన ఈ మొక్క దేశమంతా పాకడానికి ఒక్కో మొక్క రాల్చే వేలాది గింజలే కారణం.

ఇంత శ్రమ ఎందుకు, మందు కొడితే పోతుంది కదా అని అడిగేవారున్నారు. గ్లైఫోసేట్ వంటి మందు తాకిన పచ్చని ఆకునల్లా చంపుతుంది. గోంగూర పక్కన మొలిచిన గడ్డిని ఏరి చంపడం దానికి చేతకాదు. ఆ మందును చీడపీడల నివారణ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆంక్ష పెట్టింది కూడా. కూలీలు దొరకక, ఎకరాల పత్తి చేను కలుపులో మునిగిపోతుంటే మందు వైపు చూసే రైతును నేను తప్పుపట్టను. అదే చేలల్లో రోజంతా నడుము వంచి, కూలి కోసం కలుపు తీసే ఆడవాళ్లకు ఈ పని నాకిచ్చే ఆనందాన్నే ఇస్తుందని చెప్పడం అన్యాయం. ఎండ ముదిరితే లేచి నీడకు వెళ్లే స్వేచ్ఛ నాకుంది, వారికి లేదు. నేను చెబుతున్నది ఇంటి వెనకాల నాలుగు మడుల సంగతి.

ఆ నాలుగు మడుల్లో చేయి చేసే అసలు పని ఏరడమే. కూర్చొని దగ్గరగా చూస్తే తప్ప గంగవాయిలి కూరకూ, దానిని పోలిన గలిజేరుకూ తేడా తెలియదు. గంగవాయిలిని పీకి మడి మీదే వదిలేస్తే దాని కాడల్లోని నీటితోనే మళ్లీ వేరు పోసుకుంటుంది. అందుకే అది గిన్నెలోకి, అక్కడి నుంచి పప్పులోకి పోతుంది. దొగ్గలి కూర లేతగా ఉన్నప్పుడు అదీ అంతే. పూత పట్టని మిగతా కలుపును వేర్లు పైకి ఉండేలా మొక్కల మధ్య పరుస్తాను. ఎండకు వాడి, నేల తడిని కాపాడి, చివరికి మట్టిలోనే కలుస్తుంది.

గునుగు దగ్గర మాత్రం నా చేయి ఆగుతుంది. మిరప మడి నడుమ మొలిస్తే దయ చూపను, గట్టు మీద మొలిచినవాటిని వదిలేస్తాను. పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య, దగ్గర పడేసరికి వాటికి వెండి రంగు కంకులు వస్తాయి, బతుకమ్మ పేర్చడానికి వీధిలోని ఆడపిల్లలు వచ్చి కోసుకుపోతారు. కోయగా మిగిలినవాటిని పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ తెల్లవారి, నల్లని గింజలు నేల రాలకముందే, వేరుతో సహా తీసేస్తాను.