28 ఏళ్లు అల్మరాలో ఉండిపోయిన గొంతు

ఈ వారమంతా అమెరికన్ సోల్ గాయని బెట్టీ లావెట్ పాటలే వింటున్నాను. ఆ గొంతులో గరుకుదనం ఉంది, అలసట ఉంది. అయినా ఒక్క మాటను కూడా తేలిగ్గా పాడి వదిలేయదు.

సోల్ అంటే నల్లజాతి అమెరికన్ల భావోద్వేగభరిత సంగీతం. ఆ గాయనుల్లో చాలామంది చర్చిలో పాడుతూ ఎదిగినవాళ్లు. ఈమె అలా కాదు. మిషిగన్‌లో వాళ్ల అమ్మానాన్నలు ఇంట్లోనే సారా అమ్మేవారు. ముందు గదిలో జ్యూక్‌బాక్స్, అంటే నాణెం వేస్తే పాట వినిపించే పెట్టె, ఉండేది. అదే ఆమెకు బడి. 1962లో, పదహారేళ్ల వయసులో డెట్రాయిట్ నుంచి వచ్చిన తొలి రికార్డే నల్లజాతి అమెరికన్ల రిథమ్ అండ్ బ్లూస్ సంగీతపు ఆదరణ జాబితాలో మొదటి పదింటిలో నిలిచింది.

1972లో అట్లాంటిక్ రికార్డుల సంస్థ కోసం అలబామాలోని మజిల్ షోల్స్‌లో ఒక ఆల్బమ్ మొత్తం పాడింది. సంస్థ దాన్ని విడుదల చేయలేదు. ఎందుకు పక్కన పెట్టారా అని ఆ పాటలు విన్నప్పుడల్లా మనసు ఉడికిపోతుంది. అంత బాగున్నాయి! ఆమె మాత్రం చిన్న క్లబ్బుల్లో, సంగీత నాటకాల్లో పాడుతూనే ఉంది. 2000లో రికార్డులు సేకరించే ఒక ఫ్రెంచి వ్యక్తి ఆ టేపులను వెలికితీసి విడుదల చేశాడు.

2005లో అన్నీ స్త్రీలు రాసిన పాటలతోనే ఒక ఆల్బమ్ చేసింది. అప్పటికి ఆమెకు దాదాపు అరవై ఏళ్లు. అసలు గుర్తింపు అప్పుడు మొదలైంది.

2008లో అమెరికాలో కళాకారులను గౌరవించే కెనడీ సెంటర్ సత్కార సభలో, బ్రిటిష్ రాక్ బృందం ద హూ ఎదుటే వాళ్ల పాటను పాడింది. ఆ వీడియో తప్పక చూడండి. హోరెత్తే రాక్ పాటను నెమ్మదింపజేసి, పూర్తిగా తన బాధగా మార్చుకుంది.