నైట్ డ్యూటీలో ఒక చప్పుడు

ఇంగ్లండ్‌లో నేను పనిచేసేది ప్లాస్టిక్ సర్జరీ వార్డులో. ఊళ్లో ఈ మాట వినగానే ముక్కులు సరిచేసే చోటు అనుకుంటారు. మా మంచాల మీద ఎక్కువగా ఉండేది క్యాన్సర్ వల్ల రొమ్ము తీయించుకున్న ఆడవాళ్లు.

వాళ్లలో చాలామందికి చేసేది డీప్ ఫ్లాప్ (DIEP) అనే ఆపరేషన్. బొడ్డు కింది చర్మాన్నీ కొవ్వునూ వాటి రక్తనాళాలతో సహా తీసి ఛాతీ మీద రొమ్ముగా అమరుస్తారు. 1982లో అమెరికన్ సర్జన్ హార్ట్రాంఫ్ వివరించిన ట్రామ్ పద్ధతిలో పొట్ట కండరం కూడా పోయేది, హెర్నియా భయం ఉండేది. డీప్‌లో కండరాన్ని తీయకుండా నాళాలను మాత్రం విడదీసి, పక్కటెముకల వెనకున్న నాళాలకు మైక్రోస్కోపు కింద వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు. గంటల తరబడి చేసిన ఆ కుట్టు నిలిచిందో లేదో మొదటి రెండు రోజుల్లోనే చాలావరకు తేలుతుంది. ఆ రాత్రులు మా చేతుల్లో ఉంటాయి.

చలికి నాళాలు ముడుచుకుంటాయి కాబట్టి గది వెచ్చగా ఉంచుతాం. పొట్ట కుట్లు లాగకుండా మోకాళ్ల కింద దిండ్లు పెడతాం. గంటకోసారి దుప్పటి తొలగించి, మేం ఫ్లాప్ అని పిలిచే ఆ అమర్చిన భాగం మీద వేలితో నొక్కి వదులుతాను. పాలిపోయి చల్లబడితే రక్తం లోపలికి రావడం లేదు. ఊదారంగుకు తిరిగి ఉబ్బి, నొక్కిన చోట రంగు చటుక్కున తిరిగొస్తే వచ్చిన రక్తం బయటికి పోవడం లేదు. ఏది కనిపించినా సర్జన్‌ను అప్పటికప్పుడు నిద్ర లేపాల్సిందే. తెల్లారేదాకా ఆగితే ఫ్లాప్ దక్కదు.

పోయిన చలికాలంలో ఒక తెలుగావిడ చేరారు. చామనచాయ మనిషి. చార్టులో రంగు గడి నింపాలి: గులాబీ, పాలిపోయింది, నీలం. ఆ చాయలో గులాబీని ఎక్కడ వెతకను? తెల్ల చర్మాన్ని చూసి రాసిన ఆ గడుల మీద ఇప్పటికీ నాకు కోపమే. పక్కనే ఉన్న పొట్ట చర్మంతో పోల్చి చూశాను. చేతి వెనక భాగం ఆనించి వెచ్చదనం చూశాను. జెల్ రాసి, సర్జన్ గుర్తు పెట్టిన చోట, రక్తం పారే చప్పుడు వినిపించే డాప్లర్ పెన్ను ఆనించాను. హుష్... హుష్...

"అదేమిటమ్మా?"

"మీ రక్తమేనండీ. కొత్త చోట పారుతోంది."

ఆవిడ కళ్లు మూసుకుని, "ఇంకోసారి వినిపించమ్మా" అన్నారు.

చార్టులో గడి వదిలేసి, పక్కన నా మాటల్లో వివరంగా రాశాను. పొద్దున ఆవిడ తన ఛాతీ వైపు తొలిసారి తలవంచి చూసుకున్నారు. పొట్ట మీది కాన్పు చారలు ఇప్పుడు అక్కడున్నాయి. "మా పెద్దాడివి" అని వేలితో తడిమారు.

డ్యూటీ దిగాక బస్సులో మా పిన్ని గుర్తొచ్చింది. గుంటూరులో రొమ్ము తీసేసి పన్నెండేళ్లయింది. ఇప్పటికీ జాకెట్టులో పాత నూలు చీర ముక్క మడిచి పెట్టుకుంటుంది. రొమ్మును మళ్లీ చేయించుకోవచ్చని ఆమెకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. నర్సింగ్ చదువుతున్న నాకూ తెలియదు. ఆదివారం ఫోన్ చేసి, ఇన్నేళ్ల తర్వాత కూడా చేస్తారనీ, షుగరూ గుండే పరీక్షించి ఒంటికి తగునో లేదో డాక్టర్లే చెబుతారనీ వివరించాను.

పిన్ని చాలాసేపు ఏమీ అనలేదు.

"పొట్ట మీద కోత ఎంత పొడుగుంటుందే?"

"ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా, పిన్నీ. బాగా కిందికి."

"చీర కుచ్చిళ్ల కింద కనపడదులే" అంది.