ఏడున్నర చుట్ల మర

కనుమ నాడు కాకైనా కదలదంటారు. పోయిన ఏడాది కనుమ మధ్యాహ్నం నేను మాత్రం చెన్నై రాయపురంలో ఒక లేత్ షాపు షట్టర్ ముందు నిలబడి, ఫోన్ ఎత్తని మనిషికి పదకొండోసారి ఫోన్ చేస్తున్నాను. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో సగం అరిగిన బట్టల సబ్బు. ఆ సబ్బు మీద ఒక విదేశీ యుద్ధనౌక నీళ్ళ పైపు మర, అంటే తిప్పి బిగించే చుట్ల గాడి, అచ్చు పడి ఉంది.

నేను షిప్ చాండ్లర్ దగ్గర బోర్డింగ్ క్లర్కుని. రేవుకొచ్చిన ఓడలకి బియ్యం, ఉల్లిపాయలు, తాళ్ళు, పెయింటు, నీళ్ళు, ఏది కావాలంటే అది ఓడ పక్కకి చేర్చే వ్యాపారం మాది. మా శెట్టిగారి తాతల కాలంలో కొత్వాల్ చావడిలో కూరగాయలు కొని బండి మీద రేవుకి తోలేవారట. 1996లో ఆ మార్కెట్టు కోయంబేడుకి తరలిపోయాక లారీ తప్పలేదు. మాది సూళ్ళూరుపేట. ఎనిమిదేళ్ళుగా సరుకు ఓడల పనే చేశాను. యుద్ధనౌక వస్తే శెట్టిగారే స్వయంగా వెళ్ళేవారు. ఆ జనవరిలో ఆయన మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉన్నారు కాబట్టి అది నా నెత్తిన పడింది.

వచ్చేది ఒక చిన్న దేశపు నౌక. దేశం పేరు రాయొద్దన్నది శెట్టిగారి షరతు. మనవాళ్ళతో కలిసి చేసే విన్యాసాల కోసం వస్తోంది. మూడు రోజులు రేవులో, రెండు రోజులు సముద్రం మీద. మన తూర్పు తీరానికి ఇవి కొత్తేం కాదు. శ్రీలంకతో స్లినెక్స్ 2005 నుంచి జరుగుతోంది. 1995లో పోర్ట్ బ్లెయిర్‌లో నాలుగు విదేశాలతో మొదలైన మిలన్ ఇప్పుడు విశాఖలో జరిగే పెద్ద జాతర. 1999లో దొంగలు ఎత్తుకుపోయిన అలోండ్రా రెయిన్‌బో అనే ఓడని మన కోస్ట్ గార్డ్, నేవీ కలిసి పట్టుకున్నాక, జపాన్ కోస్ట్ గార్డ్‌కీ మనవాళ్ళకీ మధ్య సహ్యోగ్-కైజిన్ మొదలైంది. ఆ ఓడలు చెన్నైకి వస్తూ ఉంటాయి. ఇక 2017 జులైలో మలబార్ విన్యాసాలకి అమెరికా నిమిట్జ్, మన విక్రమాదిత్య, జపాన్ ఇజుమో మన తీరంలో కలిసినప్పుడు ఊరంతా అదే మాట.

"అవి జమీందారుల ఇంటి పెళ్ళిళ్ళురా. మనకొచ్చింది చిన్న పెళ్ళి. అయినా భోజనాల దగ్గర తేడా వస్తే తిట్లు మాత్రం ఒకటే," అన్నారు శెట్టిగారు మంచం మీద నుంచే.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. సరుకు ఓడ వస్తే కస్టమ్స్ వాళ్ళు ఎక్కి, మందు సీసాలూ సిగరెట్లూ ఉన్న గదికి సీలు వేస్తారు. యుద్ధనౌక మీద అలాంటి సోదాలు కుదరవు, అంతర్జాతీయ చట్టం దానికి ఆ రక్షణ ఇచ్చింది. నేను లోపలికి పంపే బస్తాకి మాత్రం ఏ రక్షణా లేదు. 1962 కస్టమ్స్ చట్టంలో 85 నుంచి 90 దాకా సెక్షన్లన్నీ ఓడల స్టోర్స్, అంటే ఓడలో వాడుకునే సరుకుల గురించే, వాటి కాగితాలు వాటికి ఉండాలి. మాతో వచ్చే పద్నాలుగు మంది హమాలీల పేర్లు ముందే ఇవ్వాలి. ఆధార్‌లో ఒకలా, పాస్‌లో ఒకలా పేరున్న ఒకతన్ని గేటు దగ్గరే ఆపేశారు. ఓడలోకి ఎక్కే మెట్ల వంతెన, అదే గ్యాంగ్‌వే, మొదట్లో ఓ చెక్కపెట్టె, అందులో ఫోన్లు పెట్టి ఎక్కాలి. ఇవన్నీ అయ్యాయి. బియ్యం ఎక్కింది, కొబ్బరికాయలు ఎక్కాయి, పచ్చిమిర్చి బాగుందని వంటవాడు నవ్వాడు కూడా.

చిక్కంతా నీళ్ళ దగ్గర వచ్చింది.

అరవై టన్నుల తాగునీరు కావాలి. అంటే పన్నెండు వేల లీటర్ల లారీలు ఐదు. మర్నాడు పొద్దున ఏడింటికి ఓడని రేవు దాటించే పైలట్ ఎక్కుతాడు, నౌక సముద్రంలోకి వెళ్ళిపోతుంది. కనుమ పొద్దున మొదటి లారీ వచ్చింది. నౌకలోని మెడికల్ అసిస్టెంటు ఒక చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, బిళ్ళ వేసి, ఎండకెదురుగా పట్టుకుని చూశాడు. రంగు రాలేదు. క్లోరిన్ లేదన్నమాట. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. లారీని వెనక్కి పంపి, వేరే చోట నుంచి ఇంకోటి తెప్పించేసరికి పదకొండు దాటింది. ఈసారి గులాబి రంగు వచ్చింది. హమ్మయ్య అనుకుని గొట్టం పైకి లాగాం.

గొట్టం పట్టలేదు.

మన లారీల గొట్టాలకి ఉండేది రెండున్నర అంగుళాల మామూలు పైపు మర. నౌక మీదా రెండున్నరే అని రాసి ఉంది. కానీ ఒక్క చుట్టు కూడా తిరగలేదు, అంచు దగ్గరే ఆగిపోయింది. వాళ్ళ ఇంజినీరింగ్ చీఫ్, యాభై దాటిన పొట్టి మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని చూసి నిట్టూర్చాడు. ఈ నౌక ఒకప్పుడు అమెరికా కోస్ట్ గార్డ్‌ది, వాళ్ళు వాడి వాడి వీళ్ళకి ఇచ్చారు. రెండు రకాల మరల్ని కలిపే అడాప్టర్ ఒకటి ఉండేది గానీ, కిందటి రేవులో ఎవరో విప్పి తిరిగి పెట్టలేదు.

నాకు తెలివి ఉబికింది. "చీఫ్, ఇంటర్నేషనల్ షోర్ కనెక్షన్ ఉంటుంది కదా?" అన్నాను. ఏ ఓడ గొట్టాన్నయినా ఏ రేవు గొట్టానికయినా కలిపే గుండ్రటి ఫ్లాంజి అది. బయటి కొలత 178 మిల్లీమీటర్లు, 19 మిల్లీమీటర్ల బోల్టు కంతలు నాలుగు, ప్రపంచమంతా ఒకటే. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"అది మంటలార్పే ఫైర్ లైన్‌కి బాబూ. అందులో తిరిగేది సముద్రపు నీళ్ళు. నా వాళ్ళకి టీ ఏ నీళ్ళతో పెట్టమంటావ్?"

సరే, కొత్త అడాప్టర్ చేయించాలి. నమూనా కావాలి. పైపుకి చిన్న గొలుసుతో వేలాడే ఇత్తడి మూత ఉంది, దాని లోపలి మర సరిగ్గా మాకు కావలసిందే. చీఫ్ కటింగ్ ప్లయర్‌తో గొలుసు తెంపి, చీటీ రాసి, నౌక ముద్ర వేసి మూత నా చేతికిచ్చాడు. రేవు గేటు దగ్గర దాన్ని ఆపేశారు. విదేశీ ఓడ నుంచి దిగిన వస్తువు బయటికి పోవాలంటే కస్టమ్స్ కాగితం కావాలి కదా అన్నాడు సెక్యూరిటీ అతను. నిజమే. అర కిలో ఇత్తడిని నేను దేశంలోకి దిగుమతి చేస్తున్నానన్నమాట. పండగపూట ఆ కాగితం పుట్టేసరికి నౌక వెళ్ళిపోతుంది. రూల్ చెప్పినవాడి మీద అరిచి లాభం లేదు, వెనక్కి నడిచాను.

టెన్షన్‌లో ఒక్కోసారి బుర్ర బాగా పనిచేస్తుంది. హమాలీలు చేతులు కడుక్కోవడానికి గ్యాంగ్‌వే కింద బట్టల సబ్బు పెట్టుకున్నారు. నానిపోయి మెత్తగా ఉంది. దాన్ని పైపు మర మీద అదిమి దొర్లించాను. గట్లు చక్కగా తేలాయి. తర్వాత చలాన్ వెనక వైపు నుంచి ఒక పట్టీ చించి పైపు చుట్టూ చుట్టి, కలిసిన చోట పెన్నుతో గీత గీశాను. విప్పి కొలిస్తే 245 మిల్లీమీటర్లు. 3.14 పెట్టి భాగిస్తే 78. మన పైపు మర బయటి కొలత 75 చిల్లర. పట్టకపోవడానికి కారణం అక్కడికక్కడే తేలిపోయింది. సబ్బుకీ కాగితానికీ గేటు దగ్గర అభ్యంతరం లేదు.

లేత్ షాపు నాయుడుగారు పన్నెండోసారికి ఫోన్ ఎత్తారు. మూడు తరాలుగా రాయపురంలోనే ఉన్న కుటుంబం, ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. "కనుమ నాడు మిషన్ ముట్టను నాయనా," అన్నారు. నౌక సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఏ మర?" అన్నారు. తెలియదన్నాను. ఐదు నిమిషాల్లో లుంగీ మీదే వచ్చి షట్టర్ లేపారు.

సబ్బుని లైటు కింద పెట్టి, అంగుళానికి ఎన్ని చుట్లో చూసే పిచ్ గేజి ఆకులు ఒక్కొక్కటే ఆనించి చూశారు. మన పైపు మరకి సరిపోయే పదకొండు చుట్ల ఆకు దరిదాపుల్లోకే రాలేదు. ఎనిమిది పెడితే చివరికొచ్చేసరికి తప్పుతోంది. ఏడు పెడితే ఇటువైపు తప్పుతోంది. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి నా వైపు తిరిగారు.

"ఇది అమెరికా ఫైర్ హోస్ మర. ఏడున్నర. ఏడున్నరంటే శనే గదా, అందుకే పండగ నాడు పట్టుకుంది నిన్ను. మంచి ఎమ్డన్‌నే తెచ్చినావు."

చెన్నైలో మొండి ఘటాన్ని ఇప్పటికీ ఎమ్డన్ అంటారు. 1914 సెప్టెంబరులో ఆ పేరుగల జర్మన్ నౌక రాత్రిపూట వచ్చి ఈ రేవు పక్కనున్న చమురు ట్యాంకుల్ని పేల్చి పోయింది. ఊళ్ళో సగం మందికి అది ఓడ పేరని కూడా తెలియదు.

ఆయన దగ్గరున్నది పాత బటాలా లేత్. టూలుని నడిపే దాని లీడ్ స్క్రూ అంగుళానికి నాలుగు చుట్లు. గేర్ బాక్సు మీది పట్టికలో ఏడున్నర లేదు. సుద్దముక్కతో గోడ మీద నాలుగు బై ఏడున్నర అని రాశారు, కింద ఎనిమిది బై పదిహేను, దాని కింద నలభై బై డెబ్భై ఐదు. నలభై పళ్ళ గేరు, డెబ్భై ఐదు పళ్ళ గేరు డబ్బాలోంచి వెతికి తీసి బిగించారు. టూలుని అరవై డిగ్రీలకి సాన పట్టారు. మన పైపు మరకైతే యాభై ఐదు. ముందు నైలాన్ ముక్కని 78కి తిప్పి పై మర కోసి, సబ్బు అచ్చులో పెట్టి చూశారు. గట్లు గాడిలో కూర్చున్నాయి. అప్పుడు గానీ గన్‌మెటల్ బుష్ ముట్టలేదు. లోపలి మర కోస్తున్నంతసేపూ, టూలుని లీడ్ స్క్రూకి పట్టించే హాఫ్ నట్ వదల్లేదు, ప్రతిసారీ మోటారు రివర్స్ చేసి టూలు వెనక్కి తెచ్చుకున్నారు. "ఈ పిచ్‌లో వదిలితే మళ్ళీ అదే గాడిలో పడతాదని నమ్మకం లేదు," అన్నారు. బంగారు రంగు పొట్టు నేల మీద పడుతుంటే, ఇంటి నుంచి వాళ్ళావిడ గారెల పళ్ళెం పంపారు. కనుమ నాడు మినుము తినాలి కదా. నేను ఆరు తిన్నాను.

రేవులోకి తిరిగొచ్చేసరికి ఆరు కావస్తోంది. అడాప్టర్ ఇంకా గోరువెచ్చగానే ఉంది. గ్యాంగ్‌వే వైపు పరిగెత్తబోయాను, సన్నగా ఒక విజిల్ మోగింది. డెక్ మీద అందరూ ఎక్కడివాళ్ళక్కడ నౌక వెనకవైపున్న జెండాకేసి తిరిగి నిలబడిపోయారు. సూర్యాస్తమయం, వాళ్ళ జెండా దించుతున్నారు. మా హమాలీలకి ఎవరూ ఏమీ చెప్పలేదు గానీ, వాళ్ళూ ఆగిపోయారు. ఒకతని భుజం మీద యాభై కిలోల ఉల్లిపాయల బస్తా అలాగే ఉంది. చెమట కళ్ళలోకి కారుతున్నా చెయ్యెత్తి తుడుచుకోలేదు. జెండా మడత పెట్టేదాకా ఒక్క మాట లేదు. రెండో విజిల్ మోగగానే "యప్పా!" అని బస్తా దించాడు, సెంట్రీ పకపకా నవ్వాడు.

చీఫ్ అడాప్టర్‌ని వేళ్ళతోనే తిప్పాడు. మొదటి చుట్టు, రెండోది, మూడోది, చివరిదాకా పోయింది. నా వైపు చూడకుండా బొటనవేలు ఎత్తాడు.

ఐదు లారీలు ఖాళీ అయ్యేసరికి ఒంటిగంటన్నర. ఆ వేళంతా వాళ్ళ సప్లై లెఫ్టినెంటు, పాతికేళ్ళ అమ్మాయి, టీ తాగుతూ మాట్లాడింది. వాళ్ళకి ఇంత నౌకలు రెండే ఉన్నాయి. నాలుగు నౌకలు వరసలో నడిపి, జెండా సంకేతం పడగానే అందరూ ఒకేసారి తిరగడం సొంత దేశంలో ఎలా నేర్చుకోవాలి? వెనక హెలికాప్టర్ దిగే డెక్ ఉంది, హెలికాప్టర్ లేదు. మన హెలికాప్టర్ వచ్చి వాలితేనే వాళ్ళ సిబ్బందికి ఆ పని అలవాటవుతుంది. అనుమానమున్న ఓడ మీదకి ఎక్కి సోదా చేయడం, ఇంజిను ఆగిన ఓడని తాడు కట్టి లాగడం, రేపటి జాబితాలో అవీ ఉన్నాయట. "రేవులో ఉన్న మూడు రోజులూ ఏం చేశారు?" అని అడిగాను. మొదటి రోజంతా ఎవరి పుస్తకంలో ఏ మాటకి ఏ అర్థమో సరిచూసుకోవడానికే సరిపోయిందంది. ఒకరి 'ఆపు' ఇంకొకరికి 'నెమ్మదించు' అయితే నాలుగు వందల గజాల దూరంలో పక్కపక్కన నడిచే నౌకలకి అదెంత ప్రమాదమో చేతులతో చూపించింది, టీ కప్పులే నౌకలు. వాలీబాల్‌లో మనవాళ్ళు గెలిచారని కూడా చెప్పింది. అది నేను అడగలేదు.

ఏడింటికి పైలట్ ఎక్కాడు. ఏడూ ఇరవైకి తాళ్ళు వదిలారు. ఇత్తడి మూత మళ్ళీ గొలుసుకి వేలాడుతోంది. పక్కనే కొత్త గొలుసుతో నాయుడుగారి అడాప్టర్.

నాయుడుగారు మాత్రం డబ్బు తీసుకోనన్నారు, పండగ నాడు చేసిన పనికి కూలేమిటని. శెట్టిగారు ఒప్పుకోలేదు, ఆయనతో ఫోన్లో అరగంట వాదించి ఎంతో కొంతకి తేల్చారు. బిల్లు రాయడానికి కూర్చుంటే ఒక చోట ఆగిపోయాను. బియ్యం, కొబ్బరికాయలు, నీళ్ళు, అడాప్టర్ ఒకటి, అంతవరకు సరే. చలాన్ పట్టీ, లుంగీ మీద వచ్చిన మనిషి ఆటో, గోడ మీద సుద్ద, వీటిని ఏ పద్దు కింద రాయాలి? శెట్టిగారికి ఫోన్ చేసి అడిగాను.

"అవన్నీ వదిలెయ్. హమాలీల సబ్బు పాడు చేశావు కదా, ముందు వాళ్ళకి కొత్తది కొనిపెట్టు," అన్నారు.