ఆడమగ వరి: పుప్పొడి లేని పువ్వు

హైబ్రిడ్ విత్తనం కోసం ఆడ, మగ వరుసలు పక్కపక్కన వేసి కరీంనగర్ వైపు సాగు చేసే ఆడమగ వరిలో ఆడ వరుస పువ్వుకీ కేసరాలుంటాయి, పుప్పొడే పనికిరాదు. 1970లో చైనాలోని హైనాన్ దీవిలో దొరికిన అడవి వరి మొక్క నుంచి వచ్చిన గుణమిది. మైటోకాండ్రియాలోని డబ్ల్యుఏ352 జన్యువు వల్ల పుప్పొడిని పోషించే టపీటం పొర ముందే చచ్చిపోతుంది. మగ వరుస నుంచి వచ్చే ఆర్‌ఎఫ్3, ఆర్‌ఎఫ్4 జన్యువులు దాన్ని అణిచేస్తాయి కాబట్టే హైబ్రిడ్ విత్తనం వేసిన రైతుకి గింజ పడుతుంది.

ఇదే గుణం వల్ల ఆడ కంకి పోటాకు (కంకి కిందుండే చివరి ఆకు) తొడుగులోనే సగం ఇరుక్కుంటుంది. అది బయటికి రావడానికి 5-10 శాతం కంకులు కనిపించగానే జిబ్బరెల్లిక్ ఆమ్లం (మొక్క ఎదుగుదల హార్మోన్) కొట్టాలి. నేరుగా నీళ్లలో కలిపితే కరగదు, వృథా. ముందు ఆల్కహాల్‌లో కరిగించాలి. పూత వేళ, పొద్దున తొమ్మిదిన్నర దాటాక, మగ వరుస పుప్పొడి ఆడ వరుస మీద పడేలా అరగంటకోసారి మూడు నాలుగు సార్లు పైరు మీదుగా తాడు లాగాలి.

అసలు దెబ్బ కేళీలతోనే, అంటే చేలో కలిసిపోయిన వేరే రకం మొక్కలతోనే. ఆడ వరుసలో బొద్దుగా పసుపుపచ్చ పుప్పొడి తిత్తులు కనబడితే అది బి లైను మొక్క, అంటే ఆడ మొక్కలాగే ఉండి పుప్పొడి పనిచేసే రకం. ఆడవాటివి తెల్లగా, వడిలి ఉంటాయి. పుప్పొడి రాలకముందే పీకేయండి. రాలాక పీకి లాభం లేదు.